మంచం పక్కన పళ్ళెం

మార్చి 3

తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. నాన్న నిలకడగానే ఉన్నాడు. నేనూ నిలకడగానే ఉన్నాను, ఉండక ఎక్కడికి పోతాను!

అటక మీద నుంచి నీళ్ళు కారుతున్నాయని ఇంటివాళ్ళు మనిషిని పంపారు. పాత పెట్టెలు దింపుతుంటే ఒక గోనెసంచి అతని కాలి మీద పడింది. పాపం, అతని కేకకంటే సంచి కేకే గట్టిగా వినిపించింది. విప్పి చూస్తే మూడు సింబల్స్. నాన్న హోటల్ బ్యాండులో డ్రమ్ములు వాయించే రోజుల్లో, మనం పళ్ళేలని పిలిచేవాళ్ళం చూడు, అవి. ఒకటి నిగనిగలాడుతోంది, పైన నల్లసిరాతో ఏదో ముద్ర ఉంది. ఒకటి పగిలింది. ఒకటి చిన్నది. నాలుగోది నీకు తెలిసిందే, నాన్న మంచం పక్కన తీగకి వేలాడదీసిన మకిలి పళ్ళెం. పక్షవాతంతో కుడిచెయ్యీ మాటా పడిపోయిన దగ్గర్నుంచీ దాన్నే చెంచాతో కొట్టి నన్ను పిలుస్తున్నాడు. ఒక దెబ్బ నీళ్ళకి, రెండు దెబ్బలు బాత్రూముకి, మూడు దెబ్బలు ఊరికే వచ్చి కూర్చోమని. కింద కొట్టుకి వెళ్ళి పాలపొట్లం చేతిలోకి తీసుకునేసరికి పైనుంచి ఠంగుమంటుంది. యాభై నాలుగు మెట్లు ఉరుకుతాను. కొట్టాయన "వెళ్ళండమ్మా, బడిగంట కొట్టారు" అంటాడు. మూడేళ్ళుగా అదే హాస్యం.

ఇంతవరకూ రాస్తూ నాన్నకి పైకి చదివి వినిపించాను. నీ ఉత్తరాలూ అలాగే వినిపిస్తాను కదా, మాట పోయిందే గానీ ఆయన చెవులు పోలేదు. ఇక్కణ్ణించి పెదవులు మూసుకుని రాస్తున్నాను.

వేరే ఊళ్ళో ఆడపిల్లల శిక్షణ కేంద్రంలో కుట్టుపని టీచరుగా రమ్మని నాకు ఉత్తరం వచ్చింది. జూన్ ఒకటిన చేరాలి. ఉండడానికి గది ఇస్తారు. నాకు నలభై రెండేళ్ళురా. ఇంట్లో కూర్చుని జాకెట్లు వదులు చేసే పనిలోంచి బయటపడే అవకాశం మళ్ళీ రాదు. కానీ నాన్నని చూసుకోవడానికి ఇంట్లోనే ఉండే ఆయాని పెట్టాలి, ఆయన పింఛను మందులకే చాలదు. నువ్వు వాయిద్యాల కొట్టులో ఉన్నావు. ఈ పళ్ళేలు ఏమిటో, ఎంత పలుకుతాయో కనుక్కో. ఉద్యోగం మాట మాత్రం జవాబులో రాయకు, చదివేటప్పుడు నోరు జారుతుంది.

నీ అక్క

మార్చి 11

అక్కకి,

నమస్కారాలు. నాన్నకి కూడా.

నేను కౌంటరు మీద గిటారు తీగలు అమ్మేవాణ్ణి, పళ్ళేల సంగతి నాకేం తెలుసు? అందుకని వెనకగదిలో రిపేర్లు చేసే ముసలి మేస్త్రీని పట్టుకున్నాను. ఆయన డాక్టరులా ప్రశ్నలు వేశాడు. ఒక్కొక్కటి ఎన్ని అంగుళాలు? ఎంత బరువు? వెలుతురుకి అడ్డంగా పట్టుకుంటే సుత్తి దెబ్బల గుంటలు కనిపిస్తున్నాయా? అవి వరసగా ఉన్నాయా, ఇష్టం వచ్చినట్టు ఉన్నాయా? మధ్య కన్నం అరిగిందా? చింతపండూ బూడిదా పెట్టి తోమొద్దని మరీ మరీ చెప్పమన్నాడు. నిన్ను చూడకుండానే నీ స్వభావం ఎలా కనిపెట్టాడో!

సిరాముద్ర ఉన్నదాని మీదే నాకు ఆశ. కంపెనీ పేరున్నది ఎప్పుడూ నాలుగు డబ్బులు చేస్తుంది.

నాన్నని జాగ్రత్తగా చూసుకో. కబురు పెడితే వచ్చి వాలతాను.

నీ తమ్ముడు

మార్చి 19

తమ్ముడికి,

నీ మేస్త్రీకి చెప్పు, చింతపండు నానేసి ఉంచాను, ఉత్తరం ఒక పూట ఆలస్యమైతే తోమేసేదాన్నే.

కొలతలు కుట్టుటేపుతో తీశాను. ముద్ర ఉన్నది పదహారు అంగుళాలు. పగిలినది ఇరవై. చిన్నది పద్నాలుగు. నాన్న మంచం దగ్గరది పద్దెనిమిది. బరువు చూడ్డానికి నాలుగూ మోసుకుని కొట్టుకి వెళ్ళాను. కాటా మీద పెడుతూ కొట్టాయన "కిలో లెక్కన ఇస్తావా, డజను లెక్కనా?" అన్నాడు. బరువులు వెనకపేజీలో రాశాను. వింత ఏమిటంటే, నాన్న పళ్ళెం అంత వెడల్పు ఉండీ కిలో నాలుగువందల గ్రాములే తూగింది. ముద్ర ఉన్నది దానికంటే చిన్నది, అయినా దాదాపు అంతే బరువుంది.

నిగనిగలాడేదానికి గుంటలు వరసగా, మిషను కుట్టులా ఉన్నాయి. నాన్న పళ్ళేనికి ఒకటి లోతు, ఒకటి పైపైన, ఒకచోట గుంపుగా, ఒకచోట దూరంగా ఉన్నాయి. కొత్తగా పని నేర్చుకునేవాళ్ళ చేతికుట్టులా ఉంది. పగిలినదానికి పగులు ఎక్కడ ఆగిందో అక్కడ చిన్న కన్నం ఉంది. ఎవరో పాడుచేశారనుకుని నాన్నకి చూపించాను. తన గుండె మీద వేలు పెట్టుకున్నాడు, తానే పెట్టాడట. ముద్ర ఉన్నది చూపిస్తే ఈగని తోలినట్టు చెయ్యి ఊపాడు.

బరువు చూడ్డానికి ఆయన పళ్ళెం విప్పితే మాత్రం నేను తిరిగొచ్చేదాకా ఉత్త తీగ పట్టుకునే ఉన్నాడు.

నీ అక్క

మార్చి 28

అక్కకి,

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా! నేను ఆశపడ్డ ముద్రపళ్ళెం ఇత్తడి రేకు, పిల్లలు నేర్చుకోవడానికి కంపెనీలో అచ్చువేసే రకం. చిన్నదీ అంతే. పగిలినది ఒకప్పుడు మంచిదే. పగులు చివర కన్నం పెడితే అది ఇంక ముందుకి పాకదట, "మీ నాన్న పనిమంతుడు" అన్నాడు మేస్త్రీ.

కానీ నాలుగోదాని కొలతలు చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అంత వెడల్పుకి అంత తక్కువ బరువు, అడ్డదిడ్డంగా సుత్తి దెబ్బలు. అది కంచు అయ్యుండాలి, చేత్తో కొట్టినది అయ్యుండాలి అన్నాడు. మధ్య బొడిపె ఉంటుంది కదా, దాని కింద, లోపలివైపు పలచటి కాగితం పెట్టి పెన్సిలుతో మెల్లగా రుద్ది ఆ కాగితం పంపు. తర్వాత కర్రగరిట కాడతో ఒక్కసారి కొట్టి, చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో రాయి. ఎలా వినిపించిందో కూడా రాయమన్నాడు. చప్పుణ్ణి ఉత్తరంలో ఎలా రాస్తారని అడిగితే, "మీ అక్క కుట్టుపని ఆవిడ కదా, ఏదో ఒక గుడ్డతో పోలుస్తుందిలే" అన్నాడు.

కబురు పెడితే వచ్చి వాలతాను.

నీ తమ్ముడు

ఏప్రిల్ 7

తమ్ముడికి,

పెన్సిలు కాగితం జత చేశాను. అక్షరాలేమీ లేవు, పిట్ట అడుగులా మూడు గీతలు మాత్రం పడ్డాయి.

ఇంక చప్పుడు సంగతి. నేను కొడితే తపేలా కింద పడ్డట్టు మోగింది. నాన్న ఎడమచెయ్యి చాచాడు. కర్ర ఇచ్చాను. మూడేళ్ళ నుంచి చెంచా పట్టిన చెయ్యే, కర్ర పట్టుకోగానే వేళ్ళు వేరుగా సర్దుకున్నాయి. అంచుకి కాస్త లోపల, పక్కవాటుగా ఒక్క దెబ్బ వేశాడు.

నేను లేచి "నీళ్ళా?" అన్నాను.

ఆయన సగంమూతితో నవ్వాడు. అప్పుడు కూర్చుని విన్నాను. ముందు గరుగ్గా, కొత్త ముతకగుడ్డ చింపినట్టు. తర్వాత పలచబడి పలచబడి, ఆఖరికి వింటున్నానో ఊహించుకుంటున్నానో తెలియనంత సన్నగా అయింది. గోడగడియారంలో ముప్ఫై ఒక్క సెకన్లు. రోజుకి ఇరవైసార్లు ఆ పళ్ళెం మోగుతుంది, దాని చప్పుడు చివరిదాకా నేనెప్పుడూ వినలేదు. మొదటి ముక్క చెవిన పడగానే లేచి పరిగెత్తడమే నా పని.

ఇది రాస్తుంటే ఎందుకో ఏడుపొచ్చింది. నాన్న చూడకుండా మిషను వైపు తిరిగి కూర్చున్నాను.

నీ అక్క

ఏప్రిల్ 16

అక్కకి,

నిలబడి ఉంటే కూర్చుని చదువు. ఆ పిట్ట అడుగు ఒక చిన్న పనివాళ్ళ కుటుంబం గుర్తట. తండ్రీ ఇద్దరు కొడుకులూ చేత్తో కొట్టేవాళ్ళు, నాలుగైదేళ్ళు చేసి మూసేశారు. మేస్త్రీ తన జన్మలో రెండే చూశాడట. స్టూడియోల్లో వాయించే ఒకాయన ఇలాంటిదాని కోసం ఏళ్ళ తరబడి వెతుకుతున్నాడు. మన పళ్ళెం బాగుంటే ఆయన ఇచ్చేది ఆయాకి రెండేళ్ళ జీతం అవుతుంది. అక్కా, నువ్వు నిశ్చింతగా ఆ ఉద్యోగంలో చేరిపోవచ్చు! మే 24న స్వయంగా మీ ఇంటికి వస్తానన్నాడు.

ఒక్కటే షరతు. అంచు చెక్కుచెదరకూడదు. నాన్న దాన్ని స్టీలు చెంచాతో కొడుతున్నాడని చెబితే మేస్త్రీ తల పట్టుకున్నాడు. ఒక్క దెబ్బ వంకరగా పడి అంచు బీటలిచ్చినా సగానికి సగం విలువ పోతుంది. కాబట్టి వెంటనే విప్పి, మెత్తటి దుప్పటిలో చుట్టి, బీరువాలో నిలబెట్టకుండా పడుకోబెట్టి దాచు. నాన్నకి వేరే ఏదన్నా ఇవ్వు.

కబురు పెడితే వచ్చి వాలతాను.

నీ తమ్ముడు

ఏప్రిల్ 25

తమ్ముడికి,

రాయొద్దన్న సంగతే రాశావు. గొంతెత్తి చదువుతున్నదాన్ని, "ఆ ఉద్యోగంలో చేరిపోవచ్చు" దాకా వచ్చాక గానీ చూసుకోలేదు. మధ్యలో ఆపితే ఇంకా తప్పుగా ఉంటుందని చివరిదాకా చదివేశాను. నాన్న కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో, వినలేదేమో అని నన్ను నేను మభ్యపెట్టుకున్నాను.

రెండు రోజులు మనసొప్పక, మూడోరోజు పళ్ళెం విప్పి దాచాను. దాని చోట అన్నం తినే స్టీలు కంచం కట్టాను. నాన్న దాన్ని ముట్టుకోలేదు. దాహమేసినా కొట్టడు. పక్క తడిసినా కొట్టడు. నిన్న నేను వెళ్ళేసరికి ఎంతసేపటి నుంచి అలా పడి ఉన్నాడో, వీపంతా చల్లబడిపోయింది. నేను వెళ్ళిపోతానని తెలిసింది, అందుకని అలిగాడు. నన్ను ఇలా శిక్షిస్తున్నాడు.

తమాషా విను. ఆ చప్పుడు ఎప్పుడు ఆగుతుందా అని మూడేళ్ళు ఎదురుచూశాను. ఇప్పుడు ఆగింది. పిలుపు ఉన్నప్పుడు పిలుపుకీ పిలుపుకీ మధ్య కాస్త సమయమైనా నాదిగా ఉండేది. ఇప్పుడు పది నిమిషాలకోసారి గుమ్మంలోకి వెళ్ళి చూడాలి. కొట్టుకి వెళ్ళడం మానేశాను, పాలపొట్లాలు తాడుకట్టి సంచిలో పైకి లాగుతున్నాను. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా బతుకు.

నీ ఉత్తరంలో పళ్ళేన్ని ఎలా పడుకోబెట్టాలో కూడా రాశావు. నాన్న ఎలా పడుకుంటున్నాడో ఎప్పుడన్నా అడిగావురా?

అక్క

మే 4

అక్కకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాన్న అలగడంలో తప్పేముంది? మాట లేని మనిషికి ఉన్న ఒక్క గొంతూ మనం విప్పి బీరువాలో పెట్టాం. కంచం కొట్టమంటే డ్రమ్ములు వాయించినవాడు కొడతాడా? పళ్ళెం మళ్ళీ కట్టెయ్యి. స్టూడియో ఆయనకి కుదరదని చెప్పేస్తాను. వెళ్ళాలన్న తొందరలో నువ్వు కూడా కాస్త ఆలోచించి ఉండాల్సింది.

నేను రావడం లేదని నీకు కోపం. సెలవు లేదని ఎప్పుడూ రాస్తాను, అది సగమే నిజం. నాన్న కుడిచెయ్యి అలా పక్క మీద పడి ఉండడం నేను చూడలేనక్కా. చిన్నప్పుడు ఆ చేతిని చూస్తూ అన్నం తినడం మర్చిపోయేవాణ్ణి. అంతకంటే రాయలేను.

మరీ అవసరమైతే కబురు పెట్టు, వచ్చి వాలతాను.

నీ తమ్ముడు

మే 13

తమ్ముడికి,

నువ్వు చూడలేని చేతిని నేను రోజూ రెండుపూటలా తుడుస్తున్నాను. గోళ్ళు తీస్తున్నాను. ఒడ్డున కూర్చున్నవాడికి లోతేం తెలుస్తుంది! "వెళ్ళాలన్న తొందర" అన్నావు. మూడేళ్ళ తర్వాత కలిగిన తొందర అది.

ఆ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించలేదు.

నువ్వన్నట్టే పళ్ళెం మళ్ళీ కట్టాను. చెంచా చేతికిచ్చాను. కొట్టలేదు. ఒకరోజు, రెండు రోజులు, నాలుగు రోజులు. నిన్న మధ్యాహ్నం నాకు పిచ్చెక్కింది. "కొట్టు నాన్నా! నన్ను తిట్టలేవు కదా, దాన్నన్నా కొట్టు! నువ్వు కొట్టకపోతే నేనే కొడతా" అని అరిచి చెంచా లాక్కుని ఎత్తాను.

ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు. ఎంత బలంగా పట్టుకున్నాడో ఇంకా ఎర్రగా ఉంది. చెంచా తీసి పక్కన పెట్టాడు. బొటనవేలితో పళ్ళెం అంచంతా మెల్లగా తడిమి, ఎక్కడా బీట లేదన్నట్టు తల ఊపాడు. గోడ మీద కాలెండరు చూపించాడు. ఇరవై నాలుగు చుట్టూ నేను ఎర్రసిరాతో సున్నా చుట్టి ఉంచాను కదా, అది. తర్వాత తలుపు చూపించాడు. తర్వాత నన్ను చూపించాడు.

అప్పుడు వెలిగింది నాకు. నీ ఏప్రిల్ ఉత్తరం చదివాక, నేను పళ్ళెం విప్పకముందు రెండు రోజులు గడిచాయి. ఆ రెండు రోజులూ అది అక్కడే ఉంది, చెంచా చేతికందేలా ఉంది, ఒక్క దెబ్బ కూడా పడలేదు. ఒంట్లో బాగుండి హాయిగా నిద్రపోతున్నాడని నేను సంతోషించాను. కంచం కట్టాక కూడా ఎందుకు కొట్టలేదంటావా? నేను పిలుపు లేకుండా ఉండడం అలవాటు చేసుకోవాలనేమో. నోటితో చెప్పలేడు కదా, అడిగితే కళ్ళు తిప్పుకున్నాడు.

అలిగాడనుకున్నాంరా. ఇద్దరం ఒకే తప్పు చేశాం.

స్టూడియో ఆయన్ని రమ్మను.

అక్క

మే 19

అక్కకి,

ఏం రాయాలో తెలియడం లేదు. నన్ను క్షమించు. ఆయన 24న ఉదయం వస్తాడు. నాన్నకి నా నమస్కారం పైకి చదువు. కబురు పెడితే వచ్చి వాలతాను, ఈసారి నిజంగా.

నీ తమ్ముడు

మే 26

తమ్ముడికి,

ఆయన వచ్చాడు. యాభై నాలుగు మెట్లెక్కి ఆయాసపడుతూ, కుర్చీ కూడా చూడకుండా పళ్ళెం దగ్గరికి వెళ్ళాడు. భూతద్దం పెట్టి అంచు చూశాడు, కన్నం చూశాడు, పిట్ట అడుగు చూశాడు. "అంతా బాగుందమ్మా. కానీ వినకుండా కొనను. ఎవరు వాయిస్తారు?" అన్నాడు.

నాన్న చెయ్యి చాచాడు. నెలరోజుల తర్వాత మొదటి దెబ్బ. ఒకే ఒక్కటి. గదిలో ముగ్గురం చివరిదాకా విన్నాం. చప్పుడు పూర్తిగా ఆగిపోయాక నేను లేచివెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చాను. నవ్వకు, కాళ్ళు వాటంతటవే వెళ్ళాయి. గ్లాసు చూసి నాన్న సగంమూతితో నవ్వడం మొదలుపెట్టాడు. తనకే తెచ్చాననుకుని స్టూడియో ఆయన గటగటా తాగేసి "థాంక్సమ్మా, చాలా దాహంగా ఉంది" అన్నాడు. నాన్న భుజాలు అదిరేలా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ గదిలో మేమిద్దరం కలిసి నవ్వి ఎన్నాళ్ళయిందో!

చెప్పినంతా ఇచ్చాడు. వెళ్ళేటప్పుడు నాన్న ఎడమచేతిని రెండు చేతులతో పట్టుకుని, "ఇంత మెత్తటి దెబ్బ నాకింకా రాలేదు సార్" అన్నాడు. పళ్ళెం దుప్పటిలో చుట్టి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మెట్లు దిగాడు. నాన్న అటు చూడలేదు, తీగ వైపే చూశాడు. సాయంత్రం ఆ తీగ నేను విప్పేశాను.

ఆయా రేపు వస్తుంది. గలగలా మాట్లాడే మనిషి. ఒక్కతే ఇద్దరి మాటలూ ఆడుతుంది, నాన్నకి అదే కావాలి.

అక్క

జూన్ 4

తమ్ముడికి,

ఇది నా కొత్త గదిలోంచి రాస్తున్నాను. కిటికీ బయట వాటర్ ట్యాంకు తప్ప ఏమీ లేదు. అయినా ముప్పూటలా దాన్నే చూస్తున్నాను, ఎవరూ పిలవడం లేదు కదా! నిన్న భోజనాల హాల్లో ఎవరో కంచం జారవిడిచారు. నేను దిగ్గున లేచి నిలబడ్డాను. కొత్త టీచరు లేచిందని నలభై మంది ఆడపిల్లలూ లేచి నిలబడ్డారు. ఏం చెప్పాలో తెలియక "కూర్చోండి" అన్నాను.

వచ్చిన రోజు సంగతి నీకు చెప్పాలి. నాన్న మంచానికి కరెంటు గంట పెట్టించాను, స్విచ్చి ఎడమచేతికి అందేలా. నొక్కి చూపిస్తే బుద్ధిగా నేర్చుకున్నాడు. పొద్దున్న సంచి భుజాన వేసుకుని ఆయన తల నిమిరి గుమ్మం దాకా వచ్చాను. వెనక్కి తిరిగి చూశాను. ఆయన వేలు స్విచ్చి మీదే ఉంది. ఒక్కసారి నొక్కితే నేను ఆగిపోతానని నాకు తెలుసు. అది ఆయనకీ తెలుసు. నేను ఎంతసేపు నిలబడ్డానో, ఆ వేలు అంతసేపూ కదలలేదు. మెట్లు దిగుతూ వింటూనే ఉన్నాను. యాభై నాలుగూ దిగాను. కొట్టాయన నా సంచి చూసి, మొదటిసారి ఏ హాస్యమూ ఆడలేదు.

ఆయా రాసిన కార్డు ఇవాళే వచ్చింది. "పెద్దాయన బంగారం, ఒక్కసారి కూడా గంట కొట్టరు, ఏ ఇబ్బందీ లేదు" అని మెచ్చుకుంటూ రాసింది. పక్క తడిసినా కొట్టడని, వెళ్ళి చూస్తూ ఉండమని వెంటనే జవాబు రాశాను.

పగిలిన పళ్ళెం నీ కోసం నాన్న మంచం కిందే ఉంచాను. పగులు చివర ఆయన పెట్టిన కన్నం చూడు.

ప్రతి ఉత్తరం చివరా కబురు పెడితే వచ్చి వాలతానని రాస్తావు. నాన్న కబురు పెట్టడురా. పిలవకుండానే వెళ్ళు.

అక్క